కళ్ళు తెరిచిన ఫోటో

మధ్యాహ్నం రెండు గంటలు. ఫోటో స్టూడియో లోపలి గది. కెమెరా వెనక ఫోటోగ్రాఫరు, ఎదురుగా స్టూలు మీద ఒకావిడ, తలుపు దగ్గర ఆమె తమ్ముడు.

"మళ్ళీ మూసేశారమ్మా."

"నేను మూయలేదండీ. అవే మూసుకున్నాయి."

"ఎలా అయితేనేం, ఆరోది ఇది. ఆరింట్లోనూ నిద్రపోతున్నట్టే ఉన్నారు."

"అక్కా, ఒక్క క్షణం. ఒక్కటంటే ఒక్క క్షణం తెరిచి ఉంచలేవా?"

"ఆ ఒక్క క్షణంలోనే కదరా లైటు పడేది."

"లైటు పడకుండా ఫోటో ఎలా వస్తుంది? అన్నా, నేను మూడు అంటాను, అనగానే మీరు నొక్కేయండి. ఒకటి..."

"లెక్కపెట్టకు. రెండు దగ్గరే మూసుకుంటాయి."

"చూశారా అన్నా? ఇంట్లో కూడా ఇదే వరస."

"ఉండు బాబూ. అమ్మా, కళ్ళకేమైనా ఆపరేషను అయిందా? వచ్చేటప్పుడు నల్లద్దాలు, టోపీ పెట్టుకుని ఉంటే చూశాను."

"లేదండీ. కళ్ళు బాగానే ఉన్నాయి. నాకు..."

"ఎండ పడదన్నా ఆవిడకి. కొంచెం. అంతే, ఇంకేం లేదు."

"అంతే కాదు. నాకు ఆటిజం అండీ."

"అక్కా!"

"ఏం? ఆయన అడిగారు, నేను చెప్పాను."

"అడిగినవాళ్ళందరికీ చెప్పాలా? పోనీ, పోస్టర్లు కొట్టించి గోడలకి అంటించు."

"అది చిన్నపిల్లలకి వచ్చేది కదమ్మా? మా వీధి చివర ఒక పాపకి..."

"ఆ పాప పెద్దది కాదాండీ?"

"అ... అవుతుందనుకోండి."

"నేనూ అలాగే పెద్దదాన్నయ్యాను. నా సంగతి నాకు ముప్పై నాలుగేళ్ళకి తెలిసింది. అప్పటిదాకా పొగరనేవాళ్ళు, బద్ధకమనేవాళ్ళు."

"నేనెప్పుడూ అనలేదు."

"నువ్వు నాటకమనేవాడివి."

"సరే, అన్నాను. చిన్నప్పుడు అన్నాను. ఇప్పుడదంతా ఎందుకు? అన్నా, కానివ్వండి, ఏడోది తీయండి."

"తీస్తాను. అమ్మా, నా వంక చూడండి. గడ్డం కొంచెం కిందికి. ఆ... అలాగే..."

"అబ్బా!"

"ప్చ్. చెయ్యి అడ్డం పెట్టేశారు."

"అక్కా, ఏంటిది? దాని నుంచి ఏమైనా రాళ్ళు వచ్చి పడుతున్నాయా?"

"పడితే నయంరా. దెబ్బ కనిపించేది, నమ్మేవాడివి."

"మీకసలు ఎలా ఉంటుందమ్మా ఆ వెలుగు? తెలియక అడుగుతున్నాను."

"చెవిలో మైకు పెట్టి ఎవరో అరిచినట్టు. అరుపు ఆగాక కూడా హోరు ఉంటుంది కదా, అలా. దానికి ఈ వేడి తోడయితే కాలరు గీరుకుంటుంది, గడియారం పట్టీ గీరుకుంటుంది, మీ మాట వినిపిస్తుంది కానీ తలకెక్కదు."

"వేడి ఎవరికి లేదు? ఇదిగో, నా చొక్కా చూడు, వీపంతా తడిసి ముద్దయింది. నాకు చెమట పట్టట్లేదా?"

"నీకు చెమట పడుతుంది. నాకు మాట పోతుంది."

"అన్నా, మీరే చెప్పండి. ఇంట్లో కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టింది. వంటింట్లో బల్బు తీసేసి గుడ్డిదీపం లాంటిది పెట్టింది. మా ఆవిడ ఉప్పో పంచదారో తెలియక టీలో ఉప్పు కలిపింది."

"ఒక్కసారే కలిపింది."

"తాగినవాడికి తెలుస్తుంది ఒక్కసారంటే ఏంటో! బట్టల షాపులో చేర్పిస్తే నాలుగు నెలలకి మానేసింది."

"మానలేదు, తీసేశారు. ఎన్ని లైట్లో తెలుసా అండీ? పైకప్పు కనబడదు. మధ్యాహ్నం అయ్యేసరికి బట్టలు మార్చుకునే గదిలో దూరి గొళ్ళెం పెట్టుకునేదాన్ని. కొనడానికి వచ్చినవాళ్ళు బయట నిలబడి తలుపు బాదేవాళ్ళు."

"తర్వాత బేకరీ. పదకొండు రోజులు. నేను ఎంతమంది కాళ్ళావేళ్ళా పడ్డానో ఈవిడకేం తెలుసు? ప్రతిచోటా ముఖం చెల్లక నేనే చావాలి."

"ఇప్పుడు ఈ ఫోటో దేనికి బాబూ?"

"కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగమన్నా. మెళ్ళో వేసుకునే కార్డు కోసం. ఐదింటిలోపు పంపాలి. అద్దాలుండకూడదు, టోపీ ఉండకూడదు, కళ్ళు తెరిచి ఉండాలి. అది రూలు."

"ఆ ఉద్యోగం బాగుంటుందండీ. గంటకోసారి ఒక్కో గదికీ వెళ్ళి లోపల చల్లదనం ఎంతుందో చూసి రాయాలి. మొన్న చూడ్డానికి వెళ్ళి లోపల గంటసేపు నిలబడ్డాను. చల్లగా, మసగ్గా... వాళ్ళు చెప్పిన ప్రతి ముక్కా అర్థమైంది. బయటికి వచ్చాక తలనొప్పి కూడా లేదు."

"మరి అంత నచ్చిన ఉద్యోగం కోసం ఒక్క ఫోటో దిగలేవా అక్కా? నేను సగం రోజు సెలవు పెట్టి వచ్చాను. పొద్దుట్నుంచి మూడు స్టూడియోలు తిరిగాం. వాళ్ళందరూ దండం పెట్టి పంపించారు."

"దిగుతాను. రూలయితే దిగాలి. తీయండి."

"ఎనిమిదోదమ్మా. గట్టిగా ఊపిరి పీల్చుకుని... ఇటు... ఆ!"

"వచ్చిందా అన్నా?"

"సగం. ఒక కన్ను తెరిచారు."

"ఒక కన్నేంటక్కా, సరదాగా ఉందా నీకు? అక్కా? నిన్నే. పలకవేం? ఇదిగో, మళ్ళీ మొదలుపెట్టింది. అలిగితే ఇంతే అన్నా, ఉలకదు పలకదు."

"అలక కాదయ్యా ఇది. ఇందాక చెప్పిందిగా మాట పోతుందని."

"అక్కా... అక్కా, నీళ్ళు తాగుతావా? ఏదో ఒకటి చెప్పు. అవునో కాదో చెప్పు."

"నువ్వు అడగడం ఆపు ముందు. లైట్లు తీసేస్తున్నా. ఆ ఫ్యాను ఇటు తిప్పు. ఆవిడ మీదకి కాదు, పక్కకి. ఇక కూర్చో. నోరు మూసుకుని కూర్చో."

"ఎంతసేపు?"

"ఎంతసేపయితే అంతసేపు."

"పావుగంటయిందన్నా."

"బ్యాగులో... తడిగుడ్డ."

"ఇదిగో అక్కా. ఇది ఎప్పుడు పెట్టుకున్నావు?"

"రోజూ పెట్టుకుంటాను. మెడ మీద వెయ్యి. అద్దుకుంటూ పోకు, ఊరికే వేసి వదిలెయ్."

"అమ్మా, నాదే బుద్ధి తక్కువ. ముప్పై ఏళ్ళుగా మనిషి రాగానే స్టూలు, గొడుగు లైటు, ఫ్లాషు. చేతికి అదే అలవాటైపోయింది. బయట మెట్ల కింద నీడగా ఉంటుంది. ఎదురు గోడ మీద పడి వచ్చే వెలుతురు నా కెమెరాకి చాలు. నడవగలరా?"

"నడుస్తాను."

"ఇక్కడ, ఈ మూల కూర్చోండి. కళ్ళు మూసుకునే ఉండండి. నేను చెప్పను, లెక్కపెట్టను. మీకు తెరవాలనిపించినప్పుడే తెరవండి. నేను నొక్కుతూ ఉంటాను, చిన్న టిక్కుమనే చప్పుడు తప్ప ఏమీ రాదు."

"ఫ్లాషు?"

"తీసి లోపల పెట్టేశాను."

"..."

"వచ్చింది! చూడు బాబూ. రెండు కళ్ళూ."

"ఏదీ... అబ్బ. అక్కా, ఎంత బాగున్నావో చూడు. నీ కళ్ళు గోధుమరంగువన్న సంగతే మర్చిపోయాను. హమ్మయ్య. నా ఫోనుకి పంపండన్నా, వాళ్ళకి నేను పంపించుకుంటాను."

"సైజు ఎంత అడిగారో చూసి కత్తిరించాలి కదా. ఆ మెసేజీ చూపించు."

"మామూలు సైజే. మీరు పంపండి, నేను చూసుకుంటాను."

"మామూలంటే సరిపోదయ్యా. పొరపాటయితే మళ్ళీ ఈవిడే దిగాలి. ఫోను ఇటివ్వు."

"అన్నా, ఆగండి..."

"ఇదేగా... 'ఫోటోలో మీ అక్కగారు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండాలి. ఆవిడ ఫోన్లో మాకు అన్నీ చెప్పారు కాబట్టి నల్లద్దాలు, టోపీ పెట్టుకునే దిగమనండి. గేటు దగ్గర గుర్తుపట్టడానికి అదే మంచిది.' బాబూ, ఇది పొద్దున తొమ్మిదింటికి వచ్చింది."

"అన్నీ చెప్పావా? అక్కా, నువ్వు వాళ్ళకి ఫోన్ చేశావా?"

"సోమవారం చేశాను. దరఖాస్తులో నువ్వు 'ఏ ఇబ్బందీ లేదు' అని రాశావు. అది నిజం కాదు."

"ఏమన్నారు?"

"లోపల చలికి అద్దాలు మసకబారతాయి, తుడుచుకోవడానికి గుడ్డ తెచ్చుకోమన్నారు."

"అంతేనా?"

"అంతే. నువ్వు ఆ మెసేజీ చదివావా?"

"చదివాను."

"రూలన్నావు."

"అన్నాను. అక్కా, ఆ కార్డు మెళ్ళో వేసుకుని తిరుగుతావు. అందరూ చూస్తారు. ఒక్క చోటయినా నువ్వు... అందరిలాగా కనబడితే బాగుంటుందని..."

"నువ్వు రూలన్నావు కాబట్టి అద్దాలు తీశాను. ఇక్కడే ఎనిమిదిసార్లు లైటు కొట్టించుకున్నాను."

"తప్పయిపోయింది. అక్కా, ఇటు చూడు."

"ఏం చేయమంటారమ్మా?"

"అద్దాలు, టోపీ పెట్టుకుంటాను, ఇక్కడే ఇంకోటి తీయండి. వాళ్ళకి అది పంపండి."

"మరి ఇది? తుడిచేయనా?"

"తుడవకండి, వాడికివ్వండి. వాడికి కావలసిన అక్క అందులోనే ఉంది."