హాలు పెద్దదైంది

(పొద్దున పదిన్నర. మేడ ఇంటి కింది హాలు. కొత్త రంగు వాసన. భార్య నేల తుడుస్తోంది. భర్త స్టూలెక్కి పైకప్పుకి లప్పం పెడుతున్నాడు. భార్య తల్లి పైగదిలో దుమ్ము దులుపుతోంది. పదకొండింటికి, ఇల్లు కొందామనుకుంటున్న డాన్సు టీచరు మళ్ళీ చూడ్డానికి వస్తుంది.)

"మళ్ళీ రాలింది చూడండి. ఇప్పుడేగా తుడిచాను."

"రంగు ఆరేటప్పుడు రాలుతుంది లేవే. ఇంకోసారి తుడిచెయ్."

"ఇది నాలుగోసారి. రాలేది రంగయితే ఆ రంగులోనే ఉండాలిగా? మనం వేసింది మీగడ రంగు. ఇది తెల్లగా, ఇసక ఇసకగా ఉంది."

"రంగుల గురించి నీకెప్పట్నించి తెలుసు?"

"అటక మీద మిగిలిపోయిన మూడు డబ్బాలు కలిపి, దానికి మీగడ రంగని పేరు పెట్టింది నేనేగా."

"సరే సరే. ఫ్రిజ్ వెనకాల వేశావా?"

"ఎందుకు వేస్తాను? ఫ్రిజ్ జరిపి చూసేవాళ్ళు ఇల్లు కొనరన్నది మీరేగా. కర్టెన్లు కూడా వీధి వైపు కిటికీకే కుట్టించా. పెరటి వైపువి పక్కింటి వాళ్ళవి, సాయంత్రం ఇచ్చెయ్యాలి."

"సోఫా చిరుగో?"

"మీద దుప్పటి పరిచా. టీచరుగారు వచ్చినప్పుడు మీరు దానిమీదే కూర్చోండి. లేవకండి."

"మర్యాదకైనా లేవొద్దా?"

"మర్యాద తర్వాత చూసుకుందాం. ఉద్యోగం పేరు చెప్పి ఏడాదిగా మీరా ఊళ్ళో, నేనీ ఊళ్ళో. పెళ్ళయినట్టా, కానట్టా? ఇది అమ్ముడుపోతేగాని నేనక్కడికి రాలేను. ఇల్లు చూడ్డానికి ముగ్గురొచ్చారు, హాలు అగ్గిపెట్టెలా ఉందని పోయారు. ఈ డాన్సు టీచరు కూడా పోతే ఇంక మన గుమ్మం ఎవరూ తొక్కరు."

"పోదులే. పైగది డాన్సు క్లాసుకి సరిగ్గా సరిపోతుందని ఆరోజే అందిగా. పిల్లల తల్లిదండ్రులు కూర్చోడానికి కింద చోటు లేదనే కదా నసిగింది. ఇప్పుడు చూడు, హాల్లో సైకిలు తొక్కొచ్చు."

"అది నిజమే. నేను మా అక్క దగ్గర నాలుగు రోజులుండి వచ్చేసరికి మధ్య గోడ మాయం. ఇంతకీ అక్కడ ఏం పెడుతున్నారు?"

"లప్పం."

"నిన్న పెట్టారుగా అక్కడే."

"పీల్చేసుకుంది."

"జరగండి, నేనెక్కి చూస్తా."

"ఏముంది చూడ్డానికి? వెంట్రుకంత గీత."

"ఆ స్కేలు ఇలా ఇవ్వండి. ఇదిగో. సగం దూరిపోయింది. నిన్న నా గోరే దూరలేదు. ఏమండీ, ఇది పెరుగుతోంది."

"దిగు ముందు. పడతావ్."

"అమ్మాయ్, వింటున్నావా? ఈ పైగది తలుపు మళ్ళీ పట్టేసిందే."

"మొన్నేగా మీ అల్లుడుగారు చిత్రిక పట్టారమ్మా."

"పట్టారు, నిన్న బాగానే పడింది. ఇప్పుడు చూస్తే గడియ ఒకచోట, దాని కన్నం ఒకచోట."

"వానకి చెక్క ఉబ్బుతుంది అత్తయ్యా. తెరిచే ఉంచండి."

"వానెక్కడిది బాబూ? చినుకు పడి నెలైంది."

"అత్తయ్యా, మీరోసారి కిందికి వచ్చేయకూడదూ?"

"పైన దుమ్ము దులిపేదెవరు? వస్తాలే, తొందరేముంది."

"ఏమండీ, అమ్మని కిందికి ఎందుకు రమ్మన్నారు?"

"ఊరికే. పైన ఒక్కరే ఉన్నారని."

"మా అమ్మ ఒక్కతే ఉంటే మీకెప్పుడూ బెంగ లేదే. పండగలా ఉండేది. నా మొహం చూసి చెప్పండి. మేస్త్రి ఏమన్నాడు?"

"ఏ మేస్త్రి?"

"ఎంతమందొచ్చారు? గోడ తీసినాయన."

"చూశాడు."

"చూసి?"

"చూసి... బాగా చూశాడు. గోడ తట్టాడు. పైకెళ్ళాడు, మళ్ళీ కిందికొచ్చి తట్టాడు."

"ఏమన్నాడని అడుగుతున్నా."

"మేస్త్రులన్నాక ఏదో ఒకటి అంటూనే ఉంటారు. పని పెద్దది చేసి చూపించకపోతే వాళ్ళకి గడవదు."

"ఆయన నంబరివ్వండి. నేనే మాట్లాడతా."

"చేసినా తీయడు."

"ఎందుకు తీయడు? మీ అరిచేతులేంటి ఇలా బొబ్బలెక్కాయి?"

"తలుపు చిత్రిక పట్టానుగా."

"ఒక్క తలుపుకా?"

"గట్టి చెక్కే అది. నువ్వెళ్ళి చీర మార్చుకో. టైమవుతోంది."

"ఉండండి. ఆ చప్పుడు విన్నారా?"

"ఏ చప్పుడు?"

"పుల్ల విరిగినట్టు. టక్కుమంది. అమ్మా, ఏమన్నా పడేశావా?"

"నేనా? మీరే కింద ఏదో విరగ్గొట్టారనుకున్నా."

"విన్నారా? టీచరుకి ఫోన్ చేసి ఇవాళొద్దని చెప్పేద్దాం."

"ఇవాళొద్దంటే ఆవిడ ఇంకో ఇల్లు చూసుకుంటుంది. ఒక్క గంట. ఒక్క గంట ఓర్చుకో. వచ్చేది ఆవిడొక్కతే. పైన నాలుగు అడుగులేస్తుంది, దిగొస్తుంది, అంతే."

"నాలుగు అడుగులకే మీ పెదవులు ఎండిపోతున్నాయి. మరి కొన్నాక రోజూ పిల్లలు ఎగురుతారే పైన?"

"ఈలోపు బాగు చేయిద్దాం. ఏదో ఒకటి చేద్దాం. నన్ను ఇంక అడక్కు."

"అడక్కు అంటున్నారంటే మీకూ భయంగానే ఉందన్నమాట."

"లేదు."

"ఉంది. మీ చెమట చూడండి."

"అమ్మాయ్, టీచరుగారు వచ్చేశారే. బయట మెట్ల మీంచి నేరుగా పైకే వచ్చారు. పిల్లల్ని కూడా తీసుకొచ్చారు."

"పిల్లల్నా? ఎంతమందమ్మా?"

"ఇరవై మంది దాకా ఉన్నారు. ఇంకా ఎక్కుతున్నారు. ఒక్కటే రకం బట్టలు, ముచ్చటగా ఉన్నారనుకో."

"పైనుంచే నమస్కారమండీ. మీరు పైకి రానక్కర్లేదు, మేం చూసుకుంటాం. మెట్లెక్కుతూ కిటికీలోంచి తొంగి చూశా, హాలు ఎంత విశాలంగా చేశారండీ. నాకు ఇల్లు నచ్చేసినట్టే. నేల ఒక్కటీ చూసుకుంటే చాలు. నేను ఏ గది తీసుకున్నా అడుగు వేయించి చూడందే మాటివ్వను. పిల్లలూ, వరసలు కట్టండి. మూడు అనగానే అందరూ కుడికాలు ఒక్కసారే వేయాలి. గట్టిగా."

"ఏమండీ. ఏమండీ, పైనుంచి పెళ్ళలు ఊడుతున్నాయి. మేస్త్రి చూశాడన్నారుగా? చెప్పండి, బాగా చూశాడన్నారుగా?"

"ఒకటి."

"చెయ్యి వదులు. నన్ను వెళ్ళనీ."

"ఎక్కడికి? నాకు జవాబు చెప్పి కదలండి."

"రెండు."

"టీచరుగారూ, మూడు అనకండి. దండం పెడతాను, అనకండి. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే, మెల్లగా, మెట్ల వైపు పంపండి. అత్తయ్యా, మీరూ దిగండి. పైగది బరువంతా ఆ మధ్య గోడ మీదే ఉంది, నేను ముట్టుకోనని చెప్పాడండీ మేస్త్రి. అతన్ని పంపేసి గోడ నేనే పడగొట్టాను."