సగం గుండు

1994 జూన్. ఆర్ట్స్ కాలేజీలో ఒక గది. పైన ఫ్యాను తిరుగుతోందో, తిరుగుతున్నట్టు నటిస్తోందో దాన్ని బిగించినవాడికే తెలియాలి. బల్లకు ఆ పక్క ప్రొఫెసర్ అచ్యుతరామయ్య. ఈ పక్క బాలరాజు. లోకంలోని జుట్ల చరిత్ర మీద ఆరేళ్లుగా పరిశోధన చేస్తూ, తనకున్న జుట్టు ఊడగొట్టుకున్నవాడు.

"మళ్లీ అదే మాటా? నాలుగు అధ్యాయాలు భేషుగ్గా ఉన్నాయన్నాను కదయ్యా! ఈజిప్టు గొప్పోళ్ల బోడితలలు, వాటి మీద విగ్గులు, బాగున్నాయి. చైనా జడలు, బాగున్నాయి. జర్మన్లతో తిరిగారని ఫ్రాన్సులో ఆడవాళ్లకు నడిబజార్లో గుండ్లు కొట్టడం, అదీ బాగుంది. ఐదో అధ్యాయం దగ్గరికొచ్చేసరికి నీకేం పుట్టింది?"

"ఐదోది మా నాయిన కథ సార్."

"నేననేదీ అదే. థీసిస్‌లో నాన్నలూ తాతలూ ఎందుకు?"

"ముందు దిక్కు గొరిగి ఎనక జడ ఏస్కోకుంటె చైనాల తల తీసేసిండ్రు. జుట్టు ఉంచుకుంటె తల పోతది, తల ఉంచుకుంటె జుట్టు పోతది అని చాటింపు ఏసిండ్రు. అది రాస్తె చరిత్ర అన్నరు. క్రాపు పెట్టుకున్నడని మా ఊరి దొర మా నాయిన తల సగం గీకిపిస్తె అది చరిత్ర గాదా?"

"చరిత్రే, కాదన్నానా? ఆ మంగలి పేరెందుకు అంటున్నాను. 'లక్ష్మయ్య, ప్రస్తుతం తార్నాకలో షాపు' అని అడ్రసుతో సహా రాశావు. ఆయనకి ఉత్తరమేమైనా వేస్తావా?"

"గీకిన చెయ్యికి పేరుండొద్దా సార్? దొర పేరు ఉంటది. దెబ్బతిన్నోని పేరు ఉంటది. నడుమల కత్తి పట్టినోడు గాలికి పోవాల్నా?"

"ఆయన్ని అడిగావా?"

"అడిగేదేమున్నది? కండ్లార చూసిన ముసలోళ్లు ముగ్గురు చెప్పిండ్రు. టేపుల ఉన్నది."

"అడిగావా, లేదా?"

"లేదు."

"ముగ్గురు చూసినదానికన్నా కత్తి పట్టినవాడికి ఒక ముక్క ఎక్కువే తెలుస్తుందయ్యా. వెళ్లి అడుగు. ఒప్పుకుంటే పేరుతో సహా సంతకం పెడతాను. లేదంటే ఆ పేజీ చించెయ్. సోమవారం టైపుకివ్వాలి."

"ఒప్పుకుంటడు సార్. ఎట్ల ఒప్పుకోడో చూస్త."

తార్నాక చౌరస్తా నుంచి లాలాగూడ పోయే తోవలో, అద్దాల అంచులు నల్లబడిన కటింగ్ షాపు. చెక్క తడిక అవతల కూతురు స్వరూప నడిపే లేడీస్ పార్లర్. మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ. ముసలి లక్ష్మయ్య కుర్చీ దులిపాడు గానీ వచ్చినవాడు కూచోలేదు. గడ్డం కోసం వచ్చిన మొహమే కాదది.

"కూసో సారు. కటింగా, షేవింగా?"

"రెండు గాదు. మాది రావికుంట."

"ఏ రావికుంట?"

"ఎన్నున్నయ్? మొక్కులు తీర్చే దేవుని గుట్టకు ఆరు కోసుల దూరం. దొర గడి ఉన్న రావికుంట."

"నేను ఆ ఊరు ఇడిశి నలభై ఎనిమిదేండ్లాయె సారు. ఎవరు యాదికి లేరు."

"కురుమ బిక్షం యాదికున్నడా?"

"నీకేమైతడు?"

"ముందు నేనడిగినదానికి చెప్పు. యాదికున్నడా, లేడా?"

"ఉన్నడు. నీకేమైతడు?"

"నాయిన. నా పేరు బాలరాజు."

"బిక్షం కొడుకువా! మంచిగున్నడా బిక్షం?"

"పోయిన దసరాకు పోయిండు."

"ఏడ? ఏమైంది?"

"వారాసిగూడల. నీతోని పరామర్శ చేయించుకోనీకి రాలే నేను."

"వారాసిగూడనా... సీతాఫల్‌మండి మీదికెళ్లి నడిస్తె గంట తోవ లేదు."

"అవును. గంట తోవల ఉన్నడు. ఒక్కనాడన్న వచ్చి కాళ్లు పట్టుకోవాలని అనిపియ్యలేదా నీకు?"

"ఆడ ఉన్నడని నాకెర్కలేదు."

"ఎర్కుంటె వచ్చేటోనివా?"

"రాకపోదును. ఒకరి మొకం ఒకరం చూడొద్దు అనుకున్నం."

"చూసినవా! ఎంత పగ ఉంటె ఆ మాటొస్తది!"

"గిరాకీ వచ్చే యాళ్లయింది సారు. నీ పనేందో చెప్పు."

"సదువుత, ఇను. 'క్రాపు పెట్టుకుని, తలగుడ్డ లేకుండా గడి ముందు నడిచినందుకు కురుమ బిక్షాన్ని బండ మీద కూర్చోబెట్టారు. దొర ఆజ్ఞ మేరకు మంగలి లక్ష్మయ్య అతని తలను కుడివైపు సగం, కుడి మీసంతో సహా గొరిగాడు. ఎడమవైపు క్రాపు అలాగే ఉంచి, డప్పు కొట్టి ఊరంతా తిప్పారు.' అవునా, కాదా?"

"దొర కుడి దిక్కు కూసున్నడు. నా మొకానికి దగ్గరున్నది గీకు అన్నడు."

"అవునన్నట్టేనా?"

"అవును. చుక్క నెత్తురు రాకుంట గీకిన. నాతోని అయింది గదొక్కటే."

"ఆహా! మెడల దండ ఏయమంటవా?"

"నాయినా, ఏందది? ఎవరీ సారు, గట్ల ఒర్రుతున్నడు?"

"ఏం లేదు స్వరూపా, నువ్వు లోపలికి పో."

"పోను. సారూ, ఇది దుకాణం. జర మెల్లగ మాట్లాడు."

"నువ్వు బిడ్డవా? మంచిగ అయింది, నువ్వు గూడ ఇను. మీ నాయిన మా నాయిన తల సగం గీకి ఊరేగిచ్చిండు."

"నిజమేనా నాయినా?"

"నిజమే."

"నాకు ఎన్నడు చెప్పకపోతివి!"

"చెప్పుకునే ముచ్చటనా అది?"

"కాదు గద! సిగ్గున్నది గద! మరి ఆనాడు ఏడ పోయింది సిగ్గు? దొర చెప్తె గీకుడేనా? కత్తి కింద పారేయరాలేదా?"

"పారేద్దుననే చూసిన. బిక్షమే అన్నడు, గీకురా లచ్చిగా, లేకుంటె ఇద్దరం పోతం అని."

"అబద్దం! సచ్చినోని నోట్లె మాటలు పెడుతున్నవ్."

"సరే, అబద్దమే అనుకో."

"అనుకునుడేంది? తేల్చు!"

"తేల్చనీకి ఆయిన లేడాయె. ఆ కాయితంల ఇంకోటి రాసినవా? ఆ క్రాపు కొట్టినోడెవడు?"

"సికింద్రాబాదుల మిలిటరీ బార్బర్ అని చెప్పిండ్రు."

"బిక్షం చెప్పిండా?"

"మా నాయిన ఏం చెప్పకపోయె. గుట్టకు మొక్కు తీర్చి పట్నం వచ్చిన అని, జిందగీల ఆ ఒక్కటే ముచ్చట. ఊరోళ్లు చెప్పిండ్రు."

"ఊరోళ్లకేం తెలుసు! నేను కొట్టిన. సికింద్రాబాదుల మా మేనమామ తాన నేర్సుకొని, కత్తెర కొనుక్కొని పోయి, మొదటి క్రాపు బిక్షానికే కొట్టిన. అద్దం లేకుండె. బాయిల నీళ్లల్ల వంగి చూసుకొని ఒకటే నవ్వుడు. దొరకు తెలిసి, కొట్టినోడే గీకాలె అన్నడు."

"వారెవ్వా! అంటె నువ్వే ఎక్కిచ్చినవ్, నువ్వే దించినవ్!"

"గది గూడ రాసుకో."

"రాస్త! రాయకుంట ఇడుస్తనా? దొర ఏమిచ్చిండు? ఇనాం భూమి ఇచ్చిండా?"

"రెండెకరాలు ఇస్తనన్నడు. నేను తెల్లారే ఊరిడిసిన."

"భూమి ఇస్తుంటె ఎవడన్న ఇడుస్తడా?"

"ఇడవ బుద్ధయింది, ఇడిసిన."

"సారూ, ఒక్కటి చెప్పు. గుండు కొట్టుడు మా పని. దినాం కొడ్తనే ఉంటం. దొరల కాలంల భయపడి ఒకటి కొట్టిండని, యాభై ఏండ్లకు వచ్చి ముసలోన్ని గిట్ల నిలదీస్తవా?"

"గుండు గాదమ్మా, సగం గుండు! నిండుగ కొడితె దేవునికి మొక్కు, లేకుంటె సావుకు కర్మ. ఎవరన్న దండం పెడతరు. సగం గీకి ఇడిసినవనుకో, అది శిక్ష. కుక్కలు గూడ మొరుగుతయ్. ఏ దేశమన్న పో, మనిషి ఇజ్జత్ తియ్యాలంటె ముందు తల మీదికే వస్తరు. ఆరేండ్లు సదివిన నేను."

"సదివితివి గని ఏం జేయమంటవ్ ఇప్పుడు?"

"చేసేదంత మా నాయిన చేసిండు! ఎర్కనా ఏం చేసిండో? కోడి కూయకముందే, ఉన్న సగం ఆయినకాయినే సీసపెంకుతోని గీక్కున్నడు. మీసం గూడ ఉంచలే. నిండు గుండుతోని గుట్ట బాట పట్టిండు. దొర మనుషులు సగం గుండోడు ఊరు దాటకుంట తోవల కావలి కాస్తున్నరు. మొక్కు గుండోన్ని ఎవడాపుతడు? వాళ్ల ముందటికెళ్లే గోవిందా అనుకుంట పోయిండు. శిక్షను మొక్కు చేసుకున్న మొగోడమ్మా మా నాయిన! నా ఐదో అధ్యాయమంత అదే."

"సీసపెంకుతోనా? ఎవరు చూసిండ్రు?"

"ఎవరు చూస్తరు లక్ష్మయ్యా? నేనే ఆలోచన చేసిన. ఇంకెవడు గీకుతడు? ఆ ఊళ్లె మంగలి కత్తి ఒక్కటే, అది నీ పొదిల ఉన్నది. నువ్వేమో దొర కాళ్లకాడ ఉన్నవ్."

"మంచిగ ఆలోచన చేసినవ్. అట్లనే రాయి."

"ఎక్కిరిస్తున్నవా?"

"లేదు సారు, అట్లనే రాయి. బిక్షం తన గుండు తనే గీక్కున్నడని రాయి. సగం గీకినోడు మంగలి లక్ష్మయ్య అని రాయి. తార్నాక అడ్రసు గూడ పెట్టు. ఏడ సంతకం పెట్టాల్నో చూపియ్యి."

"నాయినా, నీకు పిచ్చా? నా పార్లర్‌కు వచ్చేది క్యాంపస్ పిల్లలే. ఆ బుక్కు చదివినంక ఎవరన్న నా చేతుల తల పెడ్తరా? దుకాణం బందు పెట్టుకోవాలె!"

"రాయనీయే. ఒట్టు ఒట్టే."

"ఏం ఒట్టు?"

"ఏం లేదు. ముసలోన్ని, ఏదో నోట్లెకెళ్లి వచ్చింది."

"గింతేనా లక్ష్మయ్యా? గింత సులువుగ ఒప్పుకుంటవా? ఏడుస్తవనుకున్న. తప్పయిందంటవనుకున్న. నీ మొకంల ఏం లేదు. రాయి లెక్కున్నవ్!"

"ఏడుపు ఆనాడే అయిపోయింది."

"నీదయిపోయింది, మాది కాలే! మా నాయిన మల్ల ఎన్నడు జుట్టు పెంచలే. సచ్చిందాక నెలనెల నిండు గుండే. మా అమ్మ బతిమాలినా ఇనకపోయె. పెండ్లి ఫొటోల గూడ గుండే. చుక్క నెత్తురు రాలేదంటివి గద ఇందాక? ఎంత పచ్చి అబద్దం! నువ్వు పెట్టిన గాటు నా ఈ ఏలంత ఉండె. చిన్నప్పుడు భుజమ్మీద ఎక్కిచ్చుకుంటె, చెవి ఎనక ఆ మచ్చ మీదనే నా చెయ్యి. ఇదేంది నాయినా అంటె, గుట్ట మొక్కు బిడ్డా అని నవ్వేటోడు. ఆయిన ఇజ్జత్ తీసిన కత్తి గాటు, ఆయినే నవ్వుకుంట మోసిండు!"

"మచ్చ పడ్డదా..."

"పడ్డది! సచ్చినంక స్నానం పోసిన నాడు గూడ చూసిన."

"ఆగు సారు. నువ్వాగు నాయినా. ఏ చెవి ఎనక?"

"ఏ చెవైతె నీకెందుకమ్మా?"

"ఏ చెవి?"

"ఎడమ చెవి."

"ఆ కాయితం మల్ల సదువు."

"ఎందుకు?"

"సదువమంటున్న గద! ఏ దిక్కు గీకిండని రాసినవ్?"

"'తలను కుడివైపు సగం, కుడి మీసంతో సహా గొరిగాడు. ఎడమవైపు క్రాపు అలాగే...'"

"ఇగో, మరి? ముట్టని దిక్కు మా నాయిన గాటెట్ల పెట్టిండు?"

"అది... అది సీసపెంకు గాటయి ఉంటది."

"చెవి ఎనక తనకు తనే గీక్కున్నోన్ని ఒక్కన్ని చూపియ్యి. పదేండ్లసంది ఈ పనిల ఉన్న, ముందొక అద్దం ఎనకొక అద్దం పెట్టుకున్నా నా జుట్టు కొసలు నేను కోసుకోలేను. మా నాయిన అరవై ఏండ్లసంది కత్తి పట్టినోడు, ఆయిన తల ఎవరు కొడ్తరు? నేను కొడ్త! సారూ, ఊళ్లె కత్తి ఒక్కటే అంటివి. ఎవని పొదిల ఉన్నదంటివి?"

"స్వరూపా, నోర్ముయ్."

"ముయ్య. తెల్లారే ఊరెందుకు ఇడిసినవ్ నాయినా? ఒట్టు ఎవనికి పెట్టినవ్?"

"పోయినోనికి. దొరకు తెలిస్తె రెండు తలలు పోయేటియి. నువ్వు నన్నెరుగవు, నేను నిన్నెరుగ అనుకున్నం. ఆయిన నిలబెట్టుకొనే పోయిండు గద, నేనెట్ల తప్పుత?"

"లక్ష్మయ్యా... అంటె ఆనాడు... మిగిలిన సగం..."

"దీపం పెట్టరాకపాయె, నీళ్లు దొరకకపాయె. చీకట్లనే గీకిన. గాటుకు చీము పట్టలేదు గద, బిడ్డా?"