ఉన్నది ఒక్క పోస్టు

కుట్టు మిషన్ల హాల్లో భోజనాల బెల్లు మోగాక, వదినా మరదలూ గుడ్డల కట్టల మీద కూర్చుని నోటుబుక్కు తెరిచారు. మర్నాడే సూపర్‌వైజర్ పోస్టుకు పరీక్ష; ఇంగ్లీషూ, లెక్కలూ ఉంటాయి.

"బిగ్. అంతకంటే పెద్దదైతే?"

"మోర్ బిగ్గర్."

"బిగ్గర్ అంటే చాలదటే? మళ్లీ మోర్ ఎందుకు?"

"రెండు కుట్లేస్తే గట్టిగా ఉంటుందని, వదినా."

"కుట్టు మీద కుట్టేస్తే గుడ్డ ముడుచుకుపోతుంది. పొట్టి మాటకు చివర ఈ, ఆర్ చాలు. బ్యూటిఫుల్ లాంటి పొడుగు మాటకే ముందు మోర్. బిగ్గర్‌లో జీ మాత్రం రెండుసార్లు రాయి."

"అన్నిటికన్నా పెద్దదైతే బిగ్గెస్ట్. అందులోనూ రెండు జీలేనా?"

"రెండే. రాసి చూపించు."

మరదలు రాసింది. పెన్ను మూత పెట్టకుండా చేతిలోనే తిప్పుతూ కూర్చుంది.

"పోస్టు ఒక్కటే. నువ్వూ రాస్తున్నావు. ఇవన్నీ నాకెందుకు చెబుతున్నావు?"

"దాచుకుని గెలిస్తే, రేపట్నుంచి నీ పక్కన కూర్చుని ముద్దెలా దిగుతుందే?"

"నాకొస్తే?"

"నామీద కేకలేస్తావు. ఇంట్లో అలవాటేగా!"

మరదలికి నవ్వు రాలేదు.

"నిన్న చొక్కా కొలతల లెక్క చెప్పమన్నావు చూడు, నాకూ సరిగా రాదన్నాను."

"అవును."

"వచ్చు వదినా. కాస్త ఇటు జరుగు, చెబుతాను."