జ్వరంతో పోయిన అమ్మ

నెల రోజులు పిల్లలకు సేవ చేసిన తెల్లవాళ్ళ వ్యాను జింజా ఊరి అనాథాశ్రమం గేటు దాటింది. వంటింట్లో మొక్కజొన్న ముద్ద కెలుకుతున్న వంటమనిషి గరిటె వదిలేసి, గుమ్మంలో నిలబడ్డ ఎనిమిదేళ్ళ పిల్లను పిలిచింది.

“ఇలా రావే. ఇంక ఎవరూ లేరు.”

“నీలం గౌను ఆవిడ అడిగింది, మీ అమ్మ ఎలా పోయిందని.”

“ఏం చెప్పావ్?”

“జ్వరమని. పోయినసారి కాన్పులో పోయిందన్నానని మేనేజరు తిట్టాడుగా. మనిషికి ఒకటే చావుట.”

“మంచి పని చేశావ్. అనాథల్లో నీ పేరు రాయించబట్టేగా, కడుపునిండా తిని బడికి పోతున్నావు? నేనూ నీ కళ్ళముందే ఉన్నాను. ఒక్క అబద్ధానికి నోరు పడిపోదులే.”

“ఆవిడ నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని చాలా ఏడ్చింది.”

“వాళ్ళకేం, కళ్ళల్లోనే కుళాయిలుంటాయి. నువ్వేం చేశావ్?”

“నేనూ ఏడ్చాను.”

“ఉత్తుత్తికేగా?”

“మొదట ఉత్తుత్తికే.”

ఆమె పిండి చేతులు నడుముగుడ్డకు తుడుచుకుని, పిల్ల అరచేతిని తన చెంపకు ఆనించుకుంది.

“పిచ్చిమొహమా, నేను చచ్చానటే? చూడు, వెచ్చగా లేనూ?”

“వెచ్చగానే ఉన్నావు.”

“మరింకేం? పళ్ళెం తెచ్చుకో. నీకిష్టమని అడుగుమాడు తీసి దాచాను.”

“తెచ్చుకుంటాను పిన్నీ.”

“వ్యాను వెళ్ళిపోయిందే, నా తల్లీ. ఇప్పుడు అమ్మా అనొచ్చు.”

“తెలుసు పిన్నీ,” అంటూ పిల్ల పళ్ళెం కడుక్కోవడానికి వెళ్ళింది.