పక్కింటి వాకిట్లో మంచు

పోలండ్‌లోని సువావ్కీ పట్టణం. జనవరి ఉదయం. గ్రజీనా ఇంటి గుమ్మంలో పక్కింటి లుడోమిర్, చేతిలో ఒక కాగితం.

“తలుపు వెయ్యకండి వదినా. ఈ సంతకం మీదేనా కాదా, అది చెప్పండి.”

“చలిలో నిలబడి ఏం మాటలు లుడోమిర్? లోపలికి రా, టీ పెడతాను.”

“టీ వద్దు. ‘నా ఇంటి ముందు కాలిబాట మీద మంచు తీసే పూచీ లుడోమిర్‌ది’ అని కోర్టుకు రాసిచ్చారు. నేనెప్పుడు ఒప్పుకున్నాను?”

“తొమ్మిదేళ్లుగా నువ్వేగా తీస్తున్నావు.”

“అన్నయ్య పోయాడని, మీకు నడుం నొప్పని తీశాను! మీరు అడిగారా? నేను అడిగించుకున్నానా?”

“అరవకు. వీధంతా వింటుంది.”

“విననీండి. ఎవరింటి ముందు మంచు వాళ్లే తీయించుకోవాలని ఈ ఊళ్లో తెలీనిదెవరికి?”

“తెలుసు. కానీ ఆ చర్చి సంగీతకారుడు జారిపడ్డ రోజు నువ్వు...”

“ఆ రోజు నాకు జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది! బీట్‌రూట్ సూపు పట్టుకుని మా ఇంటికి వచ్చిందెవరు?”

“నేనే.”

“మరి మీ వాకిట్లో గుప్పెడు ఇసక చల్లలేకపోయారా?”

“చల్లుదామనే అనుకున్నా. ఇంతలోనే ఆయన జారిపడ్డాడు.”

“చర్చిలో ఆర్గన్ వాయించే చెయ్యి, వదినా! మణికట్టు రెండు చోట్ల విరిగింది. నిన్న చూడ్డానికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా మొహం చూళ్లేదు. ఎందుకో అర్థం కాలేదు. ఇంటికొస్తే ఆయన వకీలు పంపిన ఈ నకలు.”

“భయమేసింది లుడోమిర్. కోర్టంటే... ఒక్కదాన్ని.”

“ఒక్కరా? నేను చచ్చానా? పిలిస్తే పక్కన నిలబడేవాణ్ణి కాదూ?”

“నిలబడేవాడివే. అదేగా...”

“అదేగా?”

“ఏం లేదు.”

“ఏం లేదంటే కుదరదు. ఈ కోర్టు భాష మీది కాదు. ఎవరు రాసిచ్చారు? మీ మేనల్లుడా?”

“వాడికి తెలీనే తెలీదు.”

“మరెవరు?”

“అడక్కు.”

“అడుగుతాను. తొమ్మిదేళ్లు పార పట్టినందుకు ఆ మాత్రం అడగనివ్వండి.”

“వెనకవైపు చూళ్లేదా నువ్వు?”

“లేదు. ఏముంది?”

“చూడకు. ఇలా ఇచ్చెయ్.”

“వదలండి వదినా... సాక్షి... ఇర్మీనా? మా ఇర్మీనానా?”

“మీ ఆవిడే రాసుకొచ్చింది లుడోమిర్. ‘తొమ్మిది చలికాలాలూ ముందు నీ వాకిలి, తర్వాతే మా వాకిలి. ఇక దాని పూచీ కూడా ఆయన్నే మొయ్యనీ’ అంది.”