శుక్రవారం ఆగే ఇంజన్

రేవు పక్కన పడవ ఇంజన్ల దుకాణం. పైన గరగరమనే ఫ్యాను. బల్లకి ఒకవైపు దుకాణదారు, రెండోవైపు చేపల పడవ నడిపే మనిషి, అతని భార్య.

“రెండు. రెండంటే రెండే. ధర చెప్పు తమ్ముడూ.”

“ఆగవే! ఒకటి చాలని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నానా?”

“నువ్వు మొత్తుకుంటూనే ఉంటావ్. తమ్ముడూ, ఒకటి చచ్చిందనుకో, రెండోది ఇంటికి తెస్తుందా తేదా? అది చెప్పు.”

“తెస్తుందక్కా. మెల్లగానైనా తెస్తుంది. రెండు పెట్టేదే అందుకు.”

“విన్నావా?”

“వాడు అమ్మేవాడు. అడిగితే మూడు పెట్టుకోమంటాడు. నా మాట విను. రెండింజన్ల బరువు వెనక పడితే పడవ తోక దిగి ముక్కు పైకి లేస్తుంది. నేను నక్షత్రాలు చూసుకుంటూ నడపాలి.”

“వలనీ, ఐసుపెట్టెనీ ముందుకి జరుపు. అప్పటికీ లేస్తే చెప్పు, నేనొచ్చి ముందు కూర్చుంటా.”

“నువ్వా? నువ్వెందుకే పడవలోకి?”

“బరువుకి.”

“సరే, పెట్రోలో? రెండు నోళ్ళకి పోయాలి.”

“ఆ మాట నిజమే బావా. పెద్దది ఒకటి తాగేదానికంటే చిన్నవి రెండు కాస్త ఎక్కువే తాగుతాయ్.”

“చూశావా! వాడే అన్నాడు.”

“తాగనీ. తాగొచ్చినా ఇంటికొస్తే చాలు.”

“పెట్రోల్లో నీళ్ళు కలిశాయనుకో. ఒకే ట్యాంకు, రెండూ ఒకేసారి ఆగిపోతాయ్. అప్పుడేం చేస్తావ్?”

“రెండు ట్యాంకులు పెట్టిస్తా.”

“...ఇవన్నీ నీకెవరు చెప్పారు?”

“శుక్రవారం శుక్రవారం గుమ్మంలో కూర్చుని నీకోసం చూస్తే అన్నీ తెలుస్తాయ్. రేవులో కనబడ్డ ప్రతివాణ్ణీ అడిగా.”

“శుక్రవారం ఏంటక్కా?”

“అడక్కు తమ్ముడూ. వారమంతా గుర్రంలా పరిగెడుతుంది మీ బావ ఇంజన్. శుక్రవారం వచ్చిందా, నడి సముద్రంలో ఆగిపోతుంది. సరిగ్గా భోజనాల వేళకి ఫోను. ‘ఇంజన్ ఆగిపోయిందే, నాకోసం చూడొద్దు, మీరు తినేయండి’ అని.”

“శుక్రవారం గాలి వేరు.”

“గాలి వేరేంటి బావా?”

“నువ్వుండరా!”

“పోనీ మధ్యేమార్గం చెప్తా. పెద్దది ఒకటి, పక్కన పిల్ల ఇంజనొకటి. పెద్దది మొరాయిస్తే పిల్లది ఈడ్చుకొస్తుంది. బరువూ ఉండదు, పెద్దగా తాగదు కూడా.”

“అదీ వద్దు.”

“అదెందుకొద్దు?”

“వద్దంటే వద్దు. ఒకటి. ఒక్కటివ్వు చాలు.”

“ఇంటికి రావాలని లేదా ఈ మనిషికి? తమ్ముడూ, పాతది తీసుకుని కొత్తదిస్తానన్నావుగా. పాతది విప్పి చూశావా? ఏంటి దాని రోగం?”

“చూశానక్కా. అది... బావా, కన్నెందుకు కొడుతున్నావ్?”

“నలుసు పడింది.”

“రెండు కళ్ళల్లోనా?”

“ఆయన కళ్ళ సంగతి నేను చూసుకుంటా. నువ్వు రోగం చెప్పు.”

“చెబితే నా బేరం పోయేట్టుందక్కా.”

“చెప్పకపోతే ఇప్పుడే పోతుంది. పక్క కొట్టు తెరిచే ఉంది.”

“తాడు ఒక్కసారి లాగితే అందుకుంది. నీళ్ళతొట్టిలో పెట్టి ఆడించా. దగ్గు లేదు, తుమ్ము లేదు. ప్లగ్గులు శుభ్రంగా ఉన్నాయ్. మూత మరలైతే కొన్నాక నేను విప్పేదాకా ఎవరూ తిప్పిన గుర్తే లేదు.”

“మరి నడి సముద్రంలో మూత విప్పి, చేతులు కాల్చుకుని బాగుచేశానన్నావు?”

“తొట్టిలో ఆడడం వేరు, సముద్రంలో ఆడడం వేరు.”

“శుక్రవారం ఆడడం ఇంకా వేరు. ఎక్కడికి పోతున్నావయ్యా?”

“ఎక్కడికీ పోను.”

“ఎవరి దగ్గరికి?”

“ఎవరి దగ్గరికీ పోనే!”

“అక్కా, నేనలా వెళ్ళి టీ చెప్పి...”

“కూర్చో నువ్వు. సాక్షివి. నువ్వు చెప్పవయ్యా.”

“లైట్‌హౌస్ వెనక... లంగరేసి పడుకుంటా.”

“ఎవరితో?”

“రేడియోతో.”

“ఇంట్లో మంచం లేదా?”

“వద్దులే. చెబితే బాధపడతావ్.”

“పడతానో లేదో నేను చూసుకుంటా.”

“శుక్రవారం భోజనానికి మనింటికి ఎవరొస్తారు?”

“అన్నయ్య.”

“ఆ.”

“ఆ అంటే?”

“మీ అన్న మంచోడే. కాదన్లేదు. కానీ ఆ కిడ్నీలో రాయి కథ! ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు, పక్క మంచం మీద ఎవరు, వాళ్ళకేం జబ్బు... ప్రతి శుక్రవారం మొదట్నుంచీ చెప్తాడు. పోయినవారం ఆపిన చోటి నుంచి ఎత్తుకోవచ్చుగా? పైగా ఆ రాయి సీసాలో పెట్టుకొస్తాడు. తెచ్చి నా కంచం పక్కన పెడతాడు. ఊపి చూపిస్తాడు, గలగలా.”

“అక్కా? బావనలా చూస్తున్నావేంటక్కా? నీళ్ళు తెమ్మంటావా?”

“నువ్వు పారిపోయాక ఆ సీసా ఎవరి కంచం పక్కన పెడుతున్నాడో ఎప్పుడైనా ఆలోచించావా?”

“...నీ కంచం పక్కనా?”

“వడ్డిస్తుంటే గలగల. తింటుంటే గలగల. తోడబుట్టినవాడు, నేను లేచి పోలేను. అసలు మనిషివేనా నువ్వు? ఒక్కడివే పారిపోతావా?”

“తప్పయిపోయిందే. రెండింజన్లే కొందాం. ఇకనుంచీ వేళకి వచ్చి నేనూ కూర్చుని వింటా.”

“రెండెందుకు?”

“నువ్వేగా పొద్దుట్నుంచీ...”

“ఉన్నదానికి ఏ రోగమూ లేదన్నాడుగా తమ్ముడు. ఒకటి చాలు. అదీ పాతదే.”

“అక్కా! మరి నా బేరం?”

“పడవలో వేసుకునే మెత్తలు అమ్ముతావా?”

“అమ్ముతా. ఇప్పుడవెందుకు?”

“మంచిదొకటి తియ్యి. ఇవాళ ఏ వారం?”

“శుక్రవారం.”

“అనుకున్నా. అదిగో, ఫోను కూడా మోగుతోంది. ఆ, అన్నయ్యా! బయల్దేరావా? అయ్యో, రాకు రాకు. ఇంట్లో ఎవరూ లేరు. సముద్రంలో ఉన్నాం. ఆ, ఈసారి నేనూ ఉన్నా, ముందు బరువు కావాలంటే వచ్చా. ఆ చప్పుడా? ఫ్యాను కాదు, గాలి. ఇంజన్ ఆగిపోయిందన్నయ్యా. ఏం చెయ్యమంటావ్, రెండోది కొనమని మొత్తుకుంటుంటే మీ బావ వింటేగా!”