పేరు చెప్పందే తీయని తలుపు

ఈ సంతాపసభకు వచ్చిన పెద్దలారా, నాతోటి ఉద్యోగులారా, ముందు వరసలో తల వంచుకుని కూర్చున్న, నేను అక్కా అని పిలిచిన మేడమ్‌గారి తమ్ముడుగారూ,

ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డారు. సంతోషమే. కానీ అడక్కుండా ఉండలేను. మిత్రులారా, ఆమె బతికుండగా భోజనాల గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర మీలో ఎవరు కూర్చున్నారు? ఆమె కుర్చీ తప్ప మిగతావన్నీ ఎప్పుడూ ఖాళీయే. వాటిని లాక్కుపోవడానికి మాత్రం వెళ్ళేవాళ్ళు. "ఎవరైనా వస్తారా మేడమ్?" అని అడిగేవాళ్ళు. "ఎవరూ రారు, తీసుకోండి" అనేది. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు!

ఆమెకి మనం పెట్టిన పేరు గొళ్ళెం మేడమ్. పెట్టి నవ్వుకున్నాం. ఆ గొళ్ళెం ఎవరి కోసమో ఎప్పుడైనా ఆలోచించామా?

బయటినుంచి వచ్చినవాళ్ళ కోసం చెబుతాను. మా సంస్థ ఒక అప్లికేషన్ తయారుచేస్తుంది. మనసు బాగాలేనివాళ్ళు, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనివాళ్ళు దాన్ని తమ కంప్యూటర్‌లోకి దించుకుని సలహాదారులకు రాసుకుంటారు. రాసింది మా సర్వర్‌కే చేరుతోందా, మా వేషం వేసుకుని మధ్యలో కూర్చున్నవాడికి చేరుతోందా? అది తేల్చేది సర్టిఫికెట్. సర్వర్ దాన్ని తన గుర్తింపుగా చూపిస్తుంది. ఎవరు జారీచేసిన సర్టిఫికెట్‌ను నమ్మాలో మేము అప్లికేషన్ లోపలే పెట్టి పంపుతాం. ఎవర్ని లోపల పెట్టాలి, ఎవర్ని తీసెయ్యాలి అన్నది చూసుకునే పని అక్కది. ఆమె ఒక్కదానిదే.

"దించుకున్నాక అది మన చేతిలో ఉండదబ్బాయ్. ఎవరింట్లోనో ఉంటుంది. అక్కడ పక్కన కూర్చుని వద్దు వద్దు అనలేం. ఎవర్ని నమ్మాలో ఇక్కడే చెప్పి పంపాలి" అనేది.

నేను వాడేవాళ్ళ ఫిర్యాదుల ఫోన్లు ఎత్తేవాణ్ణి. ఒకరోజు ఏదో హాస్టల్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి నన్ను ఉతికి ఆరేసింది. అన్నీ పనిచేస్తున్నాయట, మాదొక్కటే తెరుచుకోదట. మేనేజర్‌గారు "ఫర్వాలేదు, ముందుకు వెళ్ళు" అని ఒక బటన్ పెట్టెయ్యమన్నారు. అక్క పెట్టనంది. "ఏడుపులో ఉన్న మనిషి ఏ బటన్ కనిపిస్తే అది నొక్కుతుంది సార్. ఆ బటన్ ఆవిడ కోసం కాదు, మనకి ఫోన్లు తగ్గడం కోసం." అని, ఆ అమ్మాయి తిట్లన్నీ తనే వింటూ ఆ మధ్యాహ్నమంతా ఫోన్‌లో కూర్చుంది.

చివరికి తేలిందేమిటి? నెట్ కావాలంటే తన సర్టిఫికెట్ కంప్యూటర్‌లో వేసుకోవాలని హాస్టల్ యజమాని షరతు పెట్టాడు. కంప్యూటర్ వాణ్ణి నమ్మింది. మిగతా అప్లికేషన్లు కంప్యూటర్ మాట నమ్మాయి. ఆ ఆడపిల్లలు రాసుకున్నదంతా వాడు మధ్యలో కూర్చుని చదువుకుంటున్నాడు! మనది మాత్రం వాణ్ణి గడప దాటనివ్వలేదు. ఎందుకంటే అక్క వాణ్ణి లోపల పెట్టలేదు కాబట్టి.

నా ఒళ్ళు మండిపోయింది. పదండి, హాస్టల్ ముందు బైఠాయిద్దాం అన్నాను. "బైఠాయిద్దువు గానీ, ముందు ఆ పిల్లని తన ఫోన్ నెట్‌కి మారమను" అంది.

అప్పట్నుంచి నేను చదివే కరపత్రాలన్నీ తెచ్చి ఆమెకిచ్చేవాణ్ణి. నమ్మకం లేని సమాజం గురించి నిప్పులు కురిపించినదాన్ని ఒకదాన్ని ఇచ్చి, ఎలా ఉందక్కా అని గర్వంగా అడిగాను. వెనక్కి తిప్పి చూసింది. "బాగా రాశాడు. కానీ తన పేరుగానీ ప్రెస్ చిరునామాగానీ వెయ్యలేదేం?" అంది. నవ్వండి, ఫర్వాలేదు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు చూసినవాళ్ళు ఇక్కడ ఎంతమంది?

ఇంటి దగ్గరా అంతేనట. తమ్ముడు తలుపు కొట్టి "నేనే అక్కా" అంటే తీసేది కాదట. "నేను అని ప్రతివాడూ అంటాడు, పేరు చెప్పు" అనేదట. పోయిన ఆదివారం ఆయన తలుపు కొట్టి పేరు చెప్పారు. మళ్ళీ చెప్పారు. గట్టిగా అరిచి చెప్పారు. పొరుగువాళ్ళతో కలిసి ఆ గొళ్ళెం విరగ్గొట్టాల్సి వచ్చింది. అప్పటికే గుండె ఆగిపోయిందట. మిత్రులారా, ఇక మీదట ఆ పేరు నవ్వుతూ అనగలరా?

ఆమె దహనమైన మర్నాడే మేనేజర్‌గారు ఏమన్నారో అందరూ విన్నారు. ఇప్పుడు నమ్ముతున్న సర్టిఫికెట్ గడువు వచ్చే నెలతో తీరిపోతుంది. ఈలోగా కొత్తది పెట్టి అందరికీ పంపాలి, లేకపోతే మన అప్లికేషన్ ఎవరికీ తెరుచుకోదు. "ఆవిడ లేదు కదా, ప్రస్తుతానికి ఆ తనిఖీ తీసెయ్యండి, తర్వాత చూద్దాం." అయ్యా, మీరు ఎదురుగానే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ "తర్వాత" ఏ రోజున వస్తుంది? తనిఖీ తీసేస్తే హాస్టల్ యజమానికీ మనకీ తేడా ఏమిటి? వాడు చదివాడు, మనం చదవనిస్తాం, అంతేగా!

కొత్త సర్టిఫికెట్ మెయిల్‌లో వచ్చినా అక్క దాన్ని ముట్టుకునేది కాదు. జారీచేసిన ఆఫీసుకు ఫోన్ చేసేది. ప్రతి సర్టిఫికెట్‌కీ వేలిముద్ర లాంటి పొడుగాటి అక్షరాల, అంకెల వరస ఉంటుంది. అవతల ఒకాయన దాన్ని చదువుతుంటే, ఈమె తెరమీద వేలు జరుపుకుంటూ వినేది. వాళ్ళే ఫోన్ చేస్తే పెట్టేసి, తన దగ్గరున్న నంబరుకు తిరిగి చేసేది. ఎన్నో ఏళ్ళుగా అదే గొంతు. నాకు తెలిసి ఈ ఆఫీసులో ఆమెతో అంతసేపు మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు. ఆ మాట్లాడింది కూడా అక్షరాలూ అంకెలే!

సోమవారం ఆమె బల్ల మీద ఫోన్ మోగింది. ఎత్తాను. "మేడమ్, మీరు ఫోన్ చెయ్యలేదేం?" అన్నాడాయన. ఆమె లేరండీ, నాకు చదవండి అన్నాను. "మీరెవరో నాకు తెలీదు బాబూ. పెట్టేసి, అక్కడ అంటించి ఉన్న నంబరుకి మీరే చెయ్యండి. ఆవిడ నాకలాగే నేర్పింది." పెట్టేశాను. తిరిగి చేశాను. అప్పుడు ఆమె చనిపోయిన సంగతి చెప్పాను. "ఇవాళ చదవలేను. ఆవిడ ముఖమైనా చూడలేదు నేను. ఒకసారి వచ్చి ఫోటోలోనైనా చూసి, వెళ్ళాక చదువుతాను" అన్నాడు.

ఆయన వచ్చారు. వెనక తలుపు దగ్గర, సంచీ భుజానికి వేసుకుని నిలబడి ఉన్నారు. ఇక్కడ దండ వేసిన ఆ ఫోటోలో ఇవాళే ఆమెని మొదటిసారి చూశారు.

అయ్యా మేనేజర్‌గారూ, రేపు ఆయన తన ఆఫీసుకు చేరాక నేను ఫోన్ చేస్తాను. ఆయన చదువుతారు. నేను వేలు జరుపుకుంటూ వింటాను. తనిఖీ తీసెయ్యాలనుకుంటే ఆ పని మీ చేత్తో మీరే చెయ్యండి. నేను చెయ్యను. ఇక్కడున్న ఏ ఒక్కరూ చెయ్యకూడదని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇక అందరూ లేవండి. ఆయన చదువుతున్నంతసేపూ ఆమె "ఊ" అని కూడా అనేది కాదట, ఊపిరి మాత్రమే వినబడేదట. అలా నిలబడదాం. తల దించకండి, ఆమె వంక చూడండి. మనసులో ఎవరైనా ఆమెని పిలవాలనుకుంటే "నేనే" అనకండి.

పేరు చెప్పండి.